మానసిక రోగులు కోలుకొనుట: ఒక చారిత్రక పరిశీలన

నూరేండ్ల పండుగ సంచికలో దేవాలయములు, బడులు, ఆసుపత్రులు కట్టిన చరిత్రను ఎందరో వ్రాయుదురు. అది వ్రాయదగినదే. మేము మాత్రము అంతగా కంటికి కనబడని ఒక చరిత్రను ఎత్తుకొనుచున్నాము. మనసు చెదరిన మనిషి తిరిగి ఆలోచించుటకు, విన్నది జ్ఞాపకముంచుకొనుటకు, ఒక పని మొదలుపెట్టి ముగించుటకు శక్తిని ఎట్లు తెచ్చుకొనును? అందుకు చుట్టునున్న వారు ఏ కాలములో ఏమి చేసిరి? ఈ ప్రశ్నలకు చరిత్ర ఇచ్చు జవాబు మన ఇండ్లకు అక్కరకు వచ్చునని నమ్మి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఇది ఎక్కడో ఉన్నవారి సంగతి కాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 2015-16 సంవత్సరములలో దేశమంతట జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. వారిలో తీవ్రమైన రోగములు గలవారు కొద్దిమందియే. అయినను ఆ కొద్దిమంది ఇండ్లలో జరుగునది ఇంచుమించు ఒకే విధముగా ఉండును. చదువుకొనుచున్న కుమారునికి ఎవరో తన్ను తిట్టుచున్నట్లు మాటలు వినబడును. అందరి మీద అనుమానము పుట్టును. దయ్యమని కొందరు, చేతబడి అని కొందరు అందురు. చివరకు ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. మందులతో ఆ మాటలు అణగును, నిద్ర పట్టును. గండము గడిచినదని ఇంటిల్లిపాది సంతోషింతురు.

అసలు కష్టము అప్పుడు మొదలగును. అంగడికి పంపి మూడు సరుకులు తెమ్మనిన ఒకటి తెచ్చును. పొయ్యి మీద పాలు పెట్టి మరచును. వార్తాపత్రికలో నాలుగు పంక్తులు చదివి ప్రక్కన పెట్టును. నలుగురు కలిసి మాటలాడుచుండగా వెంట రాలేక లేచి గదిలోనికి పోవును. "రోగము తగ్గినది గదా, ఇంకను ఏమి సోమరితనము?" అని తండ్రి అనును. "తిని కూర్చుండుట అలవాటైనది" అని మేనమామ అనును. ఈ మాటలను మేము అనేక ఇండ్లలో వింటిమి.

ఇది సోమరితనము కాదు. స్కిజోఫ్రెనియా అను రోగములో వినబడు మాటలు, అనుమానములు ఒక భాగము. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ముందు వెనుకలు ఆలోచించి పనిని వరుసలో పెట్టుకొను నేర్పు సన్నగిల్లుట మరియొక భాగము. తీవ్రమైన దిగులు రోగములోను, ఉద్రేకము దిగులు మార్చి మార్చి వచ్చు రోగములోను ఇట్టి బలహీనత కొందరికి మిగిలిపోవుట కలదు. మందులు మొదటి భాగమును బాగుగా అణచును. రెండవ దానికి అవి చేయు మేలు స్వల్పము. ఆ రెండవ భాగమును బాగుచేయుటకు పని, సహవాసము, అభ్యాసము, ఓర్పు కావలెను. ఈ సంగతిని లోకము ఒకప్పుడు కొంత గ్రహించినది, తరువాత మరచినది, మరల కష్టపడి నేర్చుకొన్నది.

గేల్ పట్టణపు ఇండ్లు

బెల్జియము దేశములో గేల్ అను చిన్న పట్టణము కలదు. ఐర్లండు రాజకుమార్తె డింఫ్నా, మతిచలించిన తండ్రి తన్ను వెంటాడగా పారిపోయి అచటికి చేరి, అతని చేతనే చంపబడెనని ఐతిహ్యము. ఆమె పేర దేవాలయము వెలసినది. మధ్యయుగములలో దూరప్రాంతముల వారు మతిచెడిన తమ వారిని అచటికి తీసికొనివచ్చెడివారు. దేవాలయపు ప్రక్కనున్న వసతి చాలక, ఊరివారు వారిని తమ ఇండ్లలో ఉంచుకొనసాగిరి. అదియే ఆచారమై తరతరములుగా నిలిచినది.

ఆ ఇండ్లలో వైద్యమని చెప్పదగినది ఏమియు లేదు. వచ్చినవాడు ఇంటివారితో కూడ భోజనము చేసెను, పొలములో పనిచేసెను, పసివారిని ఆడించెను. అతడు రోగి అను పేరుతో గాక ఇంటిలో ఉండువాడను పేరుతోనే పిలువబడెను. 19వ శతాబ్దము మధ్యలో ప్రభుత్వము ఈ ఏర్పాటును తన ఆధీనములోనికి తీసికొని వైద్యులను నియమించెను. 1938 నాటికి అట్లు ఇండ్లలో ఉన్నవారు 3,700 మందికి పైగా ఉండిరి. నేడు ఆ సంఖ్య బాగుగా తగ్గినది గాని ఆచారము నిలిచియున్నది. 2023లో యునెస్కో దీనిని కాపాడదగిన మంచి సంప్రదాయముల పట్టికలో చేర్చినది.

గేల్‌లో అంతయు మేలే జరిగెనని చెప్పరాదు. 19వ శతాబ్దములో అచటికి వెళ్లిన వైద్యులు కొందరు రోగుల కాళ్లకు ఇనుప సంకెళ్లు చూచిరి. ఇంటి పనికి ఊరక దొరికిన మనిషిగా వాడుకొనినవారును ఉండిరి. అయినను మనసు చెదరినవాడు పనిలోను, పంక్తిలోను చోటు దొరికిన యెడల నలుగురిలో బ్రదుకగలడని గేల్ లోకమునకు చూపినది.

యార్కు, పారిస్ నగరములలో

ఇంగ్లండులోని యార్కు నగరపు పిచ్చాసుపత్రిలో 1790లో హన్నా మిల్స్ అను స్త్రీ మరణించెను. ఆమె క్వేకరు సంఘమునకు చెందినది. ఆమెను చూచుటకు వెళ్లిన సంఘస్థులను ఆసుపత్రివారు లోపలికి రానీయలేదు. అక్కడి పరిస్థితిని గూర్చి కలత చెందిన విలియం ట్యూక్ అను తేయాకు వర్తకుడు తన సంఘమువారితో కలిసి 1796లో "రిట్రీట్" అను గృహమును తెరచెను. ముప్పది మందికి సరిపడు ఇల్లు అది.

అచట రక్తము తీయుట, కొట్టుట, భయపెట్టుట మానివేసిరి. తోటపని, కుట్టుపని, చదువు, నడక దినచర్యలో పెట్టిరి. రోగులను మంచి బట్టలు కట్టుకొని తేనీటి విందుకు రమ్మని పిలిచెడివారు. పెరటిలో కుందేళ్లను, కోళ్లను పెంచి, వాటిని చూచుకొను పని రోగులకు ఇచ్చిరి. విలియం మనుమడు శామ్యూల్ ట్యూక్ 1813లో ఈ గృహమును వర్ణించుచు ప్రచురించిన గ్రంథము యూరపులోను, అమెరికాలోను ఎన్నో కొత్త ఆసుపత్రులకు మార్గము చూపినది.

ఇంచుమించు ఆ కాలముననే పారిస్ నగరపు బిసేత్ర్ ఆసుపత్రిలో ఫిలిప్ పినెల్ అను వైద్యుడు రోగులను మనుష్యులుగా చూడవలెనని బోధించెను. సంకెళ్లు విప్పినవాడు పినెల్ అని చిత్రపటములలో చూపుదురు గాని, బిసేత్ర్‌లో 1797లో ఆ పని చేసినది జాన్ బాప్టిస్ట్ ప్యుసెన్ అను పర్యవేక్షకుడు. ఆయన వైద్యుడు కాడు. దినమంతయు రోగుల నడుమనుండి, ఎవరు ఎప్పుడు కుదుటపడుదురో కనిపెట్టి చూచినవాడు. పినెల్ తానే ప్యుసెన్ వద్ద నేర్చుకొన్నానని ఒప్పుకొనెను. మనసు చెదరినవానిని ఎక్కువగా ఎరిగియుండునది దినమెల్ల అతని దగ్గరనుండువాడే అని దీనివలన తెలియుచున్నది.

గోడల వెనుక

ఇంత నేర్చిన తరువాత లోకము దానిని మరచినది. 19వ శతాబ్దములో ముప్పది మందికి బదులు వేలమందిని ఉంచు ఆసుపత్రులు లేచినవి. అంతమందిని పేరు పెట్టి పిలుచువారు లేరు. తోటపని పేరుకు మాత్రము మిగిలినది. ఆ శతాబ్దము చివర జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ ఈ రోగమునకు చిన్న వయస్సులోనే బుద్ధి క్షీణించుట అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అతడు చూచిన రోగులలో అనేకులు గోడల వెనుక ఏండ్ల తరబడి ఊరక కూర్చున్నవారే. 1908లో స్విట్జర్లండు వైద్యుడు బ్లాయ్లర్ ఆ పేరును మార్చి స్కిజోఫ్రెనియా అనెను. అందరికి క్షీణత కలుగదనియు, కొందరు బాగుపడుదురనియు ఆయన చెప్పెను. కాని ఒకసారి వచ్చిన పిచ్చి పోదను మాట జనుల నోటిలో నిలిచిపోయినది.

మన దేశములో 1794లో మద్రాసులో ఇట్టి ఆసుపత్రి ఒకటి వెలసినది. 1858లో వచ్చిన చట్టము, తరువాత 1912లో వచ్చిన చట్టము రోగికి చికిత్స చేయుటకంటె అతనిని బంధించి ఉంచుటను గూర్చియే ఎక్కువగా చెప్పినవి. మన తెలుగువారు చెన్నపురికో, విశాఖపట్టణములో చినవాల్తేరుకో, హైదరాబాదులో ఎర్రగడ్డకో తమవారిని తీసికొనిపోయిరి. నేటికిని ఎర్రగడ్డ అనునది తెలంగాణములో వేళాకోళపు మాటయే. ఆసుపత్రి పేరు తిట్టుగా మారిన ఊరిలో ఏ తల్లి తన బిడ్డను సమయమునకు అచటికి తీసికొనిపోవును? 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు దేశమంతటికి మానసిక ఆసుపత్రులలో ఉన్న పడకలు ఇంచుమించు 10,000 మాత్రమే. మిగిలినవారి భారము ఇండ్లదే.

మందులు వచ్చిన కాలము

1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనువారు మన సర్పగంధ వేరు ఉద్రేకమును అణచునని ప్రచురించిరి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియము ఉపయోగమును కనుగొనెను. 1952లో పారిస్‌లో డిలే, డెనికే అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్‌ను రోగులకు ఇచ్చి చూచిరి. అరుపులతో నిండిన వార్డులు నెమ్మదించినవి. ఎందరో ఇండ్లకు వెళ్లగలిగిరి. ఈ మందుల మేలును తక్కువ చేసి మాటలాడుట కృతఘ్నత యగును. ప్రార్థన చేయించితిమి గనుక మాత్రలు ఆపవచ్చునని తలంచి, రోగము తిరుగబెట్టగా ఏడ్చిన కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. ప్రార్థించువారు మందును ఆపవలసిన పని లేదు.

అయితే మాటలు వినబడుట ఆగినంతమాత్రమున మనిషి పనిలోనికి రాడని కొద్ది కాలములోనే తెలిసినది. ఇండ్లకు పంపబడినవారు గదులలో కూర్చుండిపోయిరి. అప్పుడు మన దేశములో రెండు చోట్ల జరిగిన పని జ్ఞాపకముంచుకొనదగినది.

అమృతసర్ గుడారములు, వేలూరు పద్ధతి

1950 దశకములో అమృతసర్ మానసిక ఆసుపత్రి రోగులతో క్రిక్కిరిసియుండెను. దాని అధికారి డాక్టరు విద్యాసాగర్, రోగులను ఒంటరిగా వదలిపోవుటకు బదులు మీరును వచ్చి ఉండుడని బంధువులను పిలిచెను. ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించెను. రోగులను, బంధువులను కలిపి కూర్చుండబెట్టి రోగమును గూర్చి వారితో మాటలాడెడివాడు. ప్రక్క గుడారములోనివాడు కుదుటపడుట చూచిన తల్లికి తన కుమారుని మీద ఆశ పుట్టెను. ఇంటికి వెళ్లిన తరువాత ఏమి చేయవలెనో ఆమె అచటనే నేర్చుకొనెను.

ఆ దశకముననే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును నెలకొల్పిరి. దానికి ఆద్యురాలు డాక్టరు ఫ్లారెన్స్ నికొల్స్. అచట రోగితోపాటు ఇంటివారు ఉండుట నియమము. వేలూరు మన చిత్తూరునకు దగ్గర గనుక రాయలసీమ, నెల్లూరు ప్రాంతముల తెలుగు కుటుంబములు ఎన్నో అచటికి వెళ్లినవి. పడమటి దేశములలో కుటుంబమును గేటు బయట నిలిపియుంచిన కాలములో ఇచట కుటుంబమును వైద్యములో భాగస్థునిగా చేసిరి. మనకు నర్సులు తక్కువగుట ఇందుకు ఒక కారణము. కాని కొరతచేత మొదలైన పద్ధతి మంచి పద్ధతి అయినది.

1960 దశకము చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశములలో 1,202 మంది రోగులను గూర్చి ఒక పెద్ద పరిశీలనను ప్రారంభించినది. అందులో మన ఆగ్రా ఒక కేంద్రము. కొన్ని సంవత్సరముల తరువాత చూడగా ఆగ్రాలోను, నైజీరియాలోని ఇబాదాన్‌లోను రోగులు లండన్, వాషింగ్టన్ నగరములవారికంటె మెరుగుగా కోలుకొనియుండిరి. ఉమ్మడి కుటుంబము, చేయగలిగినంత పని ఇచ్చు పొలము దీనికి కారణములని అనేకులు భావించిరి. ఈ లెక్కలను తరువాతివారు ప్రశ్నించిరి కూడ. కావున మన కుటుంబములను మనమే పొగడుకొనుటకు దీనిని వాడరాదు. ఒకసారి వచ్చిన పిచ్చి పోదను మాట మాత్రము దీనివలన బలహీనపడినది. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రములో ఏండ్ల తరబడి ఆసుపత్రిలో ఉండి 1950 దశకములో పునరావాస కార్యక్రమముతో బయటికి వచ్చిన 269 మందిని ముప్పది ఏండ్లకు పైబడిన తరువాత కోర్ట్‌నీ హార్డింగ్ బృందము వెదకి చూచినది. వారిలో సగము నుండి మూడింట రెండు వంతుల వరకు కోలుకొనియో, చాల మెరుగుపడియో ఉన్నారని 1987లో ప్రకటించిరి. ఆసుపత్రివారు ఆశ వదలుకొన్నవారే వీరు.

చెన్నైలో డాక్టరు శారదా మీనన్ కీల్పాక్ ఆసుపత్రికి అధిపతిగా 1961 నుండి 1978 వరకు పనిచేసి, 1984లో స్కార్ఫ్ అను సంస్థను స్థాపించెను. రోగులకు పని నేర్పుట, కుటుంబములకు బోధించుట ఆ సంస్థ పనులు. ఈ రోగము వచ్చిన స్త్రీలను భర్తలు విడిచిపెట్టగా ఆ భారము ముసలి తల్లిదండ్రుల మీద పడుచున్నదని అక్కడి పరిశోధకులు వ్రాసిరి. కుటుంబము అనగా చాలచోట్ల ఒక్క తల్లియే. ఆమె తరువాత ఎవరు అను ప్రశ్నకు సంఘము జవాబు చెప్పవలసియున్నది.

జవాబు చెప్పువారు లేనిచోట ఏమి జరుగునో 2001 ఆగస్టు 6న ఎర్వాడిలో చూచితిమి. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊరిలో ఒక ప్రైవేటు గృహములో నిప్పు అంటుకొనగా, సంకెళ్లతో కట్టబడి పారిపోలేక 28 మంది రోగులు మరణించిరి. వారిని అచట విడిచిపోయినవారు క్రూరులు కారు. మొక్కుకొని, అలసిపోయి, వేరు దారి తెలియనివారే వారిలో ఎక్కువమంది.

ఆలోచనకు అభ్యాసము

గడచిన నలుబది ఏండ్లలో శాస్త్రజ్ఞులు సన్నగిల్లిన ఆలోచనా శక్తినే నేరుగా పట్టించుకొనిరి. మనిషి ఉద్యోగము చేయగలుగుట, ఇల్లు చూచుకొనుట వినబడు మాటలకంటె జ్ఞాపకము, ఏకాగ్రతల మీద ఎక్కువగా ఆధారపడునని 1996లో మైకేల్ గ్రీన్ పలు పరిశోధనలను సమీక్షించి చూపెను. అటుపిమ్మట బుద్ధికి అభ్యాసము ఇచ్చు పద్ధతులు వ్యాపించినవి. అంకెలను విని తిరిగి చెప్పుట, బొమ్మలను వరుసలో పేర్చుట, సంతకు వెళ్లుటకు ముందు ఏది ఎక్కడ కొనవలెనో పథకము వేయుట వంటివి చేయింతురు. సులువైన దానితో ప్రారంభించి మెల్లగా కష్టమైన దానికి తీసికొనిపోవుదురు. పనిని ముక్కలు చేసికొనుట, చేయుచున్నది పైకి చెప్పుకొనుట, కాగితము మీద వ్రాసికొనుట వంటి ఉపాయములు నేర్పుదురు.

2011లో టిల్ వైక్స్ బృందము 40 పరిశోధనలను, 2,100 మందికి పైగా రోగులను కలిపి చూచి, ఈ అభ్యాసము మేలు చేయుననియు, ఆ మేలు మధ్యస్థముగా ఉండుననియు చెప్పినది. దీనితోపాటు పని నేర్పుట, పునరావాసము ఉన్నప్పుడే దినదిన జీవితములో ఎక్కువ మార్పు వచ్చెను. ఒంటరిగా యంత్రము ముందు కూర్చుండి అభ్యాసము చేసినది నిజజీవితములోనికి తనంతట తాను రాదు. సంత పథకము వేయ నేర్చినవానిని సంతకు పంపవలెను. కుందేళ్లను చూచుకొను పని ఇచ్చిన యార్కు పెరటికి, ఈ కొత్త శాస్త్రమునకు దూరము ఎక్కువ లేదు.

మన దేశములో తమిళనాడు, గోవా, సతారా ప్రాంతములలో 282 మందితో జరిగి 2014లో ప్రచురింపబడిన పరిశోధన కూడ ఈ దారినే చూపినది. కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు వైద్యుల పర్యవేక్షణలో ఇంటికి వెళ్లి సహాయము చేయగా, ఆసుపత్రి వైద్యము మాత్రమే పొందినవారికంటె వారి రోగలక్షణములు, అశక్తత కొంత తగ్గినవి. ఆ కార్యకర్తలు పెద్ద చదువులు చదివినవారు కారు. ఇట్టివారు మన ప్రతి సంఘములో దొరుకుదురు.

మన ఇండ్లలో చేయదగినవి

ఈ చరిత్ర నుండి మనము తీసికొనదగిన పనులు కొన్ని కలవు. ఒకసారి ఒక మాటయే చెప్పవలెను. మూడు సరుకులు కావలెనన్న చీటీ వ్రాసి ఇయ్యవలెను. పని చిన్నదైనను ప్రతిదినము అదే వేళకు ఉండవలెను. తప్పు చేసిన తరువాత దిద్దుటకంటె, తప్పు రాకుండ ముందుగా చేసి చూపుట మేలు. నడక, కంటినిండ నిద్ర మెదడునకు బలము. చేతులు వణకకుండుటకు ఇచ్చు మాత్రలు కొన్ని జ్ఞాపకమును మందగింపజేయును గనుక అవి ఇంకను అవసరమా అని వైద్యుని అడుగవలెను. తమంతట తాము ఏ మందును ఆపరాదు. బాగుపడుటను నెలలతో గాక సంవత్సరములతో లెక్కించవలెను.

చట్టము కూడ నేడు రోగి పక్షమున ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018 మే నెలలో అమలునకు వచ్చినది. రోగిని ఏ విధముగాను సంకెళ్లతో కట్టరాదని అది శాసించినది. సంఘములో అందరితోపాటు బ్రదుకు హక్కు రోగికి కలదని చెప్పినది. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.

సంఘములు చేయదగినది ఇంకొకటి కలదు. ఆరాధనకు ముందు చాపలు పరచుట, పాటల పుస్తకములు పంచుట, చెట్లకు నీరు పోయుట వంటి పనులు ప్రతి దేవాలయములో ఉన్నవి. కోలుకొనుచున్న ఒకరికి అందులో ఒక పనిని పేరు పెట్టి అప్పగించవలెను. జాలితో ఊరక కూర్చుండబెట్టరాదు. ఒక వారము మరచిపోయిన యెడల మరుసటి వారము మరల అతనికే ఇయ్యవలెను. అతని తల్లి ఆ గంటసేపు వెనుక వరుసలో నిశ్చింతగా కూర్చుండగలుగుటయు చిన్న మేలు కాదు.

శతాబ్ది సందర్భమున ప్రతి సంఘమువారు తమ రికార్డులను తిరుగవేయుచున్నారు. కట్టిన గోడలు, ఇచ్చిన చందాలు అందులో ఉన్నవి. ఇరువది ఏండ్లుగా ఒక రోగిని ఇంటిలో ఉంచుకొని, ప్రతి ఉదయము అదే పనిని ఓర్పుతో నేర్పుచున్న తల్లులు, అక్కలు, వదినలు ఏ రికార్డులోను లేరు. సంఘ పెద్దలు ఈ సంవత్సరములో అట్టి ఇండ్లకు ఒక్కసారియైన వెళ్లి, వారికి ఏమి కావలెనో అడిగి వ్రాసికొని వచ్చిన యెడల రాబోవు నూరేండ్ల చరిత్రకు అది మంచి మొదటి పుట కాగలదని మనవి చేయుచున్నాము.